కూరకు పనికొచ్చేదల్లా సలాడ్‌కు పనికిరాదు

సంపాదకులకు నమస్కారం.

పత్రికల ఆరోగ్య పేజీల్లో సలాడ్ల గురించి తరచూ ఏదో ఒకటి వస్తోంది. సంతోషమే. కానీ చాలావాటిది ఒకటే తీరు. ఏ కూరగాయలో ఏ విటమిన్ ఉందో ముందు చెబుతారు. ఆ తర్వాత ‘కీరా ముక్కలు కొన్ని, టమాటాలు రెండు, ఉప్పు, నిమ్మరసం తగినంత, అన్నీ కలిపి వడ్డించండి’ అని ముగిస్తారు. అది చదివి చేసినవాళ్లకు పావుగంట తిరిగేసరికి గిన్నె అడుగున నీళ్లు, పైన మెత్తబడిన ఆకులు మిగులుతాయి. ఇక ఆ ఇంట్లో సలాడ్ మాటెత్తరు. చేసినవాళ్లను తప్పుపట్టి లాభం లేదు. ఏ కాయ ఏరుకోవాలి, ఎంత తూకం వేయాలి, ఏది ఎప్పుడు కలపాలి అన్న అసలు సంగతులే వాళ్లకు ఎవరూ చెప్పలేదు. పచ్చి కూరలతో రోజూ పనిచేసేవాళ్లం కనుక, ఈ ఉత్తరం పొడవవుతుందని తెలిసీ రాస్తున్నాం.

వండే కూరలో కాస్త వడలిన కాయ, కాస్త ముదిరిన కాయ కూడా చెల్లిపోతాయి. వేడికి పీచు మెత్తబడుతుంది, ఉప్పూ కారం నూనె కలిసి చప్పదనాన్ని కమ్మేస్తాయి, సూక్ష్మక్రిములు చాలావరకు చస్తాయి. సలాడ్‌కు ఈ మూడు రక్షణలూ లేవు. కాయ ఎలా ఉందో నోటికి అలాగే తగులుతుంది. అందుకే సలాడ్ కోసం కొనేటప్పుడు కూర కోసం కొన్నట్టు బుట్టలోంచి గుప్పెళ్లకొద్దీ తీసి వేసుకోకూడదు. ఒక్కో కాయా చేతికి తీసుకుని చూడాలి.

చూడాల్సింది ప్రధానంగా నీటి సంగతి. కీరాలో, లెట్యూస్‌లో నూటికి 95 పాళ్లు నీరే. టమాటాలో 94 పాళ్లు, గట్టిగా కనిపించే క్యారెట్‌లో కూడా 88 పాళ్ల దాకా ఉంటుంది. ఆ నీరు కణాల లోపల బిగువుగా నిండి ఉన్నంతసేపూ కూరగాయ కరకరలాడుతుంది. కణంలోంచి బయటికి వచ్చిందా, ముక్క సాగుతుంది, రుచి పలచబడుతుంది. నీరు ఇంకా లోపలే ఉన్న కాయను ఏరుకోవడం, తినేదాకా దాన్ని లోపలే ఉంచడం లేదా ముందే పద్ధతిగా బయటికి తీసేయడం. మంచి సలాడ్‌కు కావలసిన పనితనంలో ముప్పాతిక భాగం ఇదే.

ఆకులతో మొదలుపెడదాం. లెట్యూస్ కొనేటప్పుడు ముందు ఆకు వంక కాకుండా కాడ కోసిన చోటు చూడండి. అక్కడ తెల్లగా, కాస్త తడిగా ఉంటే కోసి ఎక్కువ రోజులు కాలేదు. గోధుమ రంగుకు తిరిగి ఎండిపోయి ఉంటే పైన ఎన్ని నీళ్లు చల్లి నిగనిగలాడించినా అది పాతదే. ఆకు మధ్య ఈనెను వంచితే టక్కున విరగాలి. వంగి ఊరుకుంటే అప్పటికే నీరు కోల్పోయింది. సంచుల్లో అమ్మే తరిగిన ఆకులైతే సంచిని తిప్పి అడుగు చూడండి. లోపలి వైపు నీటి బొట్లు పట్టి ఉన్నా, నల్లబడి జారుడుగా మారిన ఆకు ఒక్కటి కనబడినా వదిలేయండి. ఆ కుళ్లు మిగతా ఆకులకూ త్వరగా అంటుకుంటుంది. పైన వేసిన గడువు తేదీ ఇంకా ఉందన్నది దీనికి సమాధానం కాదు.

వడలిన ఆకుకూ కుళ్లిన ఆకుకూ తేడా తెలిస్తే చాలా సరుకు వృథా కాకుండా ఉంటుంది. వడలినది నీరు మాత్రమే కోల్పోయింది, దాని కణాలు బాగానే ఉన్నాయి. ఐసు ముక్కలు వేసిన చల్లని నీళ్లలో 10 నుంచి 15 నిమిషాలు ముంచితే నీరు తిరిగి లోపలికి ఎక్కి ఆకు లేచి నిలబడుతుంది. కుళ్లిన ఆకు కణాలు అప్పటికే చితికిపోయాయి. దాన్ని ఎంతసేపు నానబెట్టినా లేవదు.

కడగడం అందరూ చేస్తారు. ఆరబెట్టడం దగ్గరే సలాడ్లు ఎక్కువగా చెడిపోతున్నాయి. తడి ఆకు మీద నూనె నిలవదు. డ్రెస్సింగ్, అంటే పైన కలిపే నూనె, పులుపుల మిశ్రమం, ఆకును పట్టుకోకుండా జారి అడుగుకు చేరుతుంది, అక్కడ ఆకుల మీది నీళ్లతో కలిసి పలచబడుతుంది. పైనున్న ఆకు చప్పగా, అడుగునున్నది ఉప్పుగా తగలడానికి కారణం ఇదే. కడిగిన ఆకుల్ని ముందు చిల్లుల గిన్నెలో ఓ ఐదు నిమిషాలు వడకట్టండి. తర్వాత శుభ్రమైన పొడి బట్ట మీద ఒకే పొరగా పరిచి, పైన ఇంకో బట్ట కప్పి, మెల్లగా అద్దండి. గిర్రున తిప్పి నీళ్లు విదిల్చే బుట్ట ఉంటే పని ఇంకా తేలిక. కానీ బుట్టను సగానికి మించి నింపకూడదు, నింపితే మధ్యలో ఉన్న ఆకులు తడిగానే మిగులుతాయి. చాలునా చాలదా అని తేల్చుకోవడానికి రెండాకులు అరచేతిలో పెట్టి నొక్కండి. చేయి పొడిగా ఉంటేనే గిన్నెలోకి వెళ్లాలి.

ఒకే రకం ఆకు వేస్తే నాలుగు ముద్దలకే విసుగొస్తుంది. మూడు వంతులు మెత్తని రుచి ఉన్న లెట్యూస్, ఒక వంతు కాస్త ఘాటు ఉన్న అరుగులా లాంటిది, పైన గుప్పెడు పుదీనా లేదా కొత్తిమీర. ఈ పాళ్లు దాదాపు ఎప్పుడూ కుదురుతాయి. పాలకూర పచ్చిగా వేయాలనుకుంటే అరచేతిలో సగం కూడా లేని లేత ఆకులే ఏరుకోండి. ముదురాకుల్లో ఉండే ఆగ్జలేట్లు అనే పదార్థాల వల్ల పళ్లు గరగరలాడతాయి. మూత్రపిండాల్లో రాళ్లు ఏర్పడే తత్వం ఉన్నవాళ్లు పచ్చి పాలకూర గురించి డాక్టరును అడిగి తినడం మంచిది.

కీరా విషయంలో పెద్దది కొంటే లాభమనుకోవడం పొరపాటు. బాగా ఊరిన కాయలో గింజలు గట్టిపడి, వాటి చుట్టూ గుజ్జు నీళ్లవుతుంది. సన్నగా, చివరినుంచి చివరిదాకా ఒకే మందంగా, రంగు ఒకేలా ఉన్న కాయ తీసుకోండి. ఎక్కడైనా పసుపు తిరిగిందంటే ముదిరినట్టే. రెండు కొసలూ వేలితో నొక్కి చూడండి, మెత్తదనం మొదలయ్యేది అక్కడే. ఇంటికి తెచ్చాక తొడిమ వైపు నుంచి చిన్న ముక్క కోసి రుచి చూడకుండా గిన్నెలో వేయకండి. కుకుర్బిటసిన్లు అనే చేదు పదార్థాలు ఎక్కువగా తొడిమ దగ్గరా, తొక్క కిందా చేరతాయి. ఎండ దెబ్బ తిన్నా, నీళ్లు చాలకపోయినా మొక్క వీటిని ఎక్కువగా తయారుచేస్తుంది. కొసలో కొద్దిపాటి చేదు ఉంటే ఆ భాగం కోసేసి, తొక్క మందంగా తీస్తే సరిపోతుంది. మధ్య ముక్కలో కూడా గట్టి చేదు తగిలితే మాత్రం కాయ మొత్తం పారేయాల్సిందే. ఉప్పూ నిమ్మరసం వేసి సర్దుకోవాలని చూడొద్దు. ఆ చేదు వాంతులు, విరేచనాలు తెస్తుంది.

కీరాలోని నీటిని ముందే కొంత తీసేయడం తప్పనిసరి. అరసెంటీమీటరు మందం ముక్కలు కోసి, 300 గ్రాములకు అర చిన్న చెంచా ఉప్పు కలిపి, చిల్లుల గిన్నెలో 20 నిమిషాలు ఉంచండి. ఉప్పు కణాల్లోని నీటిని బయటికి లాగుతుంది. కారిన నీళ్లు పారబోసి, ముక్కల్ని బట్టతో అద్ది అప్పుడు కలపాలి. ఈ పని గిన్నెలో ముందే జరిగిపోతే, తర్వాత బల్ల మీద జరగదు. కీరా ముక్కలు ఇలా ఉప్పు పట్టి ఉంటాయి కాబట్టి డ్రెస్సింగ్‌లో ఉప్పు తగ్గించడం మరవకూడదు.

ఇక టమాటా. అన్నిటికంటే ఎక్కువ నిరాశపరిచేదీ, సరిగ్గా ఎంచుకుంటే సలాడ్ మొత్తాన్ని నిలబెట్టేదీ ఇదే. రంగు చూసి మోసపోవద్దు. తొడిమ ఉన్న చోట ముక్కు పెట్టి వాసన చూడండి. పచ్చి ఆకు వాసనా, తీపి వాసనా కలిసి గట్టిగా రావాలి. ఏ వాసనా రాకపోతే రుచి కూడా ఉండదు. ఒకే సైజువి రెండు చేతుల్లో రెండు పట్టుకుంటే బరువుగా ఉన్నదే రసం ఉన్నది. తొడిమ చుట్టూ భుజాల దగ్గర మెల్లగా నొక్కితే కొద్దిగా లోపలికి పోవాలి, కానీ వేలి గుర్తు నిలవకూడదు. కూరకు పనికొచ్చే బాగా మగ్గిన కాయ ఇక్కడ ముక్క నిలవక గుజ్జవుతుంది.

కొన్న టమాటాలను నేరుగా ఫ్రిజ్‌లో పెడితే ఇంత ఎంచిన శ్రమా వృథా. దాదాపు 12 డిగ్రీల సెల్సియస్ కంటే తక్కువ చలిలో రోజుల తరబడి ఉంటే టమాటాలో సువాసన తయారయ్యే ప్రక్రియ మందగిస్తుంది, కండ పిండిపిండిగా మారుతుంది. దోరకాయల్ని గది వాతావరణంలో, తొడిమ వైపు కిందికి ఉండేలా ఒకదానిమీద ఒకటి పడకుండా పెట్టండి. పూర్తిగా పండినవి ఇంకా ఆగాల్సి వస్తే ఒకటి రెండు రోజులు ఫ్రిజ్‌లో ఉంచవచ్చు, కోయడానికి గంట ముందు బయటికి తీయాలి.

నీళ్లవుతుందన్న భయంతో చాలామంది టమాటా గింజలు, వాటి చుట్టూ ఉండే జిగురు తీసి పారేస్తారు. కాయలో పులుపూ, కమ్మదనాన్నిచ్చే గ్లూటమేటూ ఎక్కువగా ఉండేది ఆ జిగురులోనే. దాన్ని పారేస్తే మిగిలేది చప్పటి కండ. బదులుగా ఇలా చేయండి. 400 గ్రాముల టమాటా ముక్కలకు అర చిన్న చెంచా ఉప్పు కలిపి, జల్లెడలో వేసి, కింద గిన్నె పెట్టి 15 నిమిషాలు వదిలేయండి. గిన్నెలో లేత ఎరుపు రంగు రసం దిగుతుంది. ఒక చెంచా నోట్లో వేసుకుని చూస్తే టమాటా రుచంతా అందులోనే ఉన్నట్టుంటుంది. పారబోయకుండా దాన్ని డ్రెస్సింగ్‌లో కలపండి. ముక్కలు బిగువుగా ఉంటాయి, రుచీ ఎక్కడికీ పోదు.

టమాటా, యాపిల్, అరటి పండుతూ ఇథిలీన్ వాయువును వదులుతాయి. వాటి పక్కన పెట్టిన లెట్యూస్ ఆకుల మీద గోధుమ మచ్చలు వస్తాయి, కీరా పసుపు తిరుగుతుంది, క్యారెట్‌కు చేదు పడుతుంది. సరుకంతా ఒకే డబ్బాలో పెట్టి, మూడో రోజు అమ్మినవాణ్ని తిట్టుకోవడం కంటే పండ్లను వేరుగా పెట్టడం మేలు.

మిగతా వాటికి ఇంత వివరం అక్కర్లేదు. క్యారెట్ సన్నదే మంచిది. లావుగా ఉంటే మధ్య బొడ్డు కట్టెలా ఉంటుంది, తల దగ్గర ఆకుపచ్చ తిరిగిన భాగం చేదు. ఆకులతో అమ్మితే ఇంటికి రాగానే ఆకు కోసేయండి, లేకపోతే దుంపలో నీరంతా అదే లాగేస్తుంది. ముల్లంగిని గట్టిగా నొక్కండి. మెత్తగా లోపలికి పోతే బెండు పడిందన్నమాట. ఎర్ర క్యాప్సికం పండిన కాయ కాబట్టి పచ్చదానికంటే తియ్యగా ఉంటుంది, విటమిన్ సి కూడా ఎక్కువ. బీట్‌రూట్‌ను విడిగా కలిపి చివర్లో పైన పెట్టాలి, లేదంటే అన్నీ ఒకే రంగవుతాయి. ఉల్లిపాయను పదునైన కత్తితో పలచగా కోసి 10 నిమిషాలు చల్లని నీళ్లలో వేసి తీస్తే ఘాటు తగ్గుతుంది. మొద్దు కత్తి కణాల్ని చితక్కొడుతుంది, దాంతో ఘాటు పెరుగుతుంది.

ముందే చేసి పెట్టుకోవాల్సిన వాళ్లకు ఆకులకంటే క్యాబేజీ నయం. సైజుకు మించిన బరువుతో, ఆకులు గట్టిగా పట్టుకుని ఉన్నది తీసుకోండి. రెండు మిల్లీమీటర్ల సన్నంగా తరిగి, 400 గ్రాములకు 6 గ్రాముల ఉప్పు, అంటే సుమారు ఒక చిన్న చెంచా, వేసి చేత్తో ఒత్తండి. అరగంట తర్వాత పిండేసి కలిపితే మర్నాటికి కూడా కరకర పోదు.

నూనె గురించి ఒక మాట. సలాడ్ అంటే నూనె లేనిదే ఆరోగ్యం అని రాయడం మానాలి. క్యారెట్, టమాటా, ఆకుల్లోని కెరొటినాయిడ్లు అనే రంగు పోషకాలు కొవ్వులో కరిగేవి. కొవ్వు లేని డ్రెస్సింగ్‌తో తిన్నవాళ్ల రక్తంలోకి ఇవి దాదాపు చేరలేదని అమెరికాలో జరిగిన ఒక అధ్యయనం 2004లో తేల్చింది. కాబట్టి నూనె వేయండి, కొలిచి వేయండి. వేసేముందు వాసన చూడండి. కనరు వాసన పచ్చి కూరల మీద వెంటనే బయటపడుతుంది. బాదం, పల్లీలు, వాల్‌నట్ల సంగతీ అంతే. ఒక పలుకు నమిలి చూసి, బాగుంటేనే దోరగా వేయించి, చల్లారాక, వడ్డించే ముందు చల్లాలి.

మూడు పాళ్లు నూనె, ఒక పాలు నిమ్మరసం లేదా వెనిగర్ మామూలు కొలత. పులుపు ఇష్టమైతే రెండుకు ఒకటి. పావు చిన్న చెంచా ఆవపిండి ముద్ద వేసి గిలకొడితే రెండూ విడిపోకుండా కాసేపు కలిసి ఉంటాయి. ఇది రుచి కోసమే కాదు. ఆకు మీద సన్నని మైనపు పొర ఉంటుంది. పులుపు నీళ్లు దాని మీంచి జారిపోతాయి కానీ విడిగా పోసిన నూనె ఆ పొరను దాటి లోపలికి ఇంకి ఆకును నల్లబరుస్తుంది, వాలిపోయేలా చేస్తుంది. నూనె విడిగా, నిమ్మరసం విడిగా పోసే అలవాటు మానేస్తే ఆకు ఎక్కువసేపు నిలుస్తుంది.

నలుగురికి ఒక కొలత చెబుతాం. ఆరిన ఆకులు 200 గ్రాములు, ఉప్పు పట్టించి అద్దిన కీరా 200, వడకట్టిన టమాటా 250, క్యారెట్ 100, ఉల్లి 50, ఉడికిన శనగలు 150, వేయించిన గింజలు 40. డ్రెస్సింగ్‌కు నూనె మూడు పెద్ద చెంచాలు, నిమ్మరసం ఒకటి, టమాటా రసం ఒకటి, మిరియాల పొడి, చిటికెడు ఉప్పు. శనగలు వేడిగా ఉన్నప్పుడే ఒక చెంచా డ్రెస్సింగ్ కలిపితే లోపలికి పడుతుంది, చల్లారాక వేస్తే పైపైనే ఉంటుంది. గట్టి ముక్కలకు ముందు డ్రెస్సింగ్ పట్టించి, ఆకులు తినడానికి రెండు నిమిషాల ముందు వెడల్పు గిన్నెలో చేత్తో కలపాలి. గిన్నె సగమే నిండి ఉండాలి. ఇరుకు గిన్నెలో గరిటెతో తిప్పితే ఆకులు నలుగుతాయి.

పత్రికల్లో అసలు కనబడనిదీ, అచ్చు కావలసిన అవసరం ఎంతో ఉన్నదీ జాగ్రత్తల సంగతి. రాజ్మా గింజల్ని నానబెట్టి పచ్చిగా గానీ, సగం ఉడికించి గానీ సలాడ్‌లో వేయకూడదు. వాటిలోని లెక్టిన్ అనే విష పదార్థం నాలుగైదు గింజలతోనే తీవ్రమైన వాంతులు తెప్పించగలదు. కనీసం ఐదు గంటలు నానబెట్టి, ఆ నీళ్లు పారబోసి, కొత్త నీళ్లలో కనీసం 10 నిమిషాలు తెర్లేలా మరిగించి, ఆపైన మెత్తబడేదాకా ఉడికించాలి. సన్నని సెగ మీద మాత్రమే ఉడికిస్తే ఆ విషం పోదు.

మొలకలది ఇంకో రకం ప్రమాదం. విత్తనం మీద ఉన్న బ్యాక్టీరియాకు మొలకెత్తించే వెచ్చదనం, తడి రెండూ అనుకూలమే. 2011లో జర్మనీలో మెంతి మొలకల ద్వారా ఈ-కొలై వ్యాపించి వేలమంది జబ్బుపడ్డారు, 50 మందికి పైగా చనిపోయారు. కడిగినంత మాత్రాన ఆ క్రిములు పోవు. గర్భిణులు, చిన్నపిల్లలు, వృద్ధులు, రోగనిరోధక శక్తి తక్కువగా ఉన్నవాళ్లు మొలకల్ని బాగా ఉడికించుకునే తినాలి. ‘అందరికీ మంచిది’ అని రాసే ప్రతి మొలకల సలాడ్ కింద ఈ ఒక్క వాక్యం ఉండాలి.

ఇక మిగతా కూరగాయలన్నిటినీ కోయడానికి ముందే, ధారగా పడే నీళ్ల కింద చేత్తో రుద్ది కడగాలి. సబ్బు వద్దు. తొక్క తీసే కాయనూ కడగాల్సిందే, లేదంటే కత్తి తొక్క మీది మురికిని లోపలికి మోసుకెళ్తుంది. మాంసం కోసిన పలక మీద సలాడ్ కూరలు కోయొద్దు. కలిపిన సలాడ్ బయట రెండు గంటలకు మించి ఉండకూడదు, దాచాల్సి వస్తే 5 డిగ్రీలు లేదా అంతకంటే తక్కువలో దాచాలి.

రక్తం గడ్డకట్టకుండా ఇచ్చే వార్ఫరిన్ మందు వాడేవాళ్లకు మరో సంగతి చెప్పాలి. ఆకుకూరల్లోని విటమిన్ కె ఆ మందు ప్రభావాన్ని తగ్గిస్తుంది. వాళ్లు ఆకులు మానేయనక్కర్లేదు. ఈ వారం గుప్పెడు, వచ్చే వారం గిన్నెడు అన్నట్టు కాకుండా రోజూ ఇంచుమించు ఒకే మోతాదు తినాలి. పత్రికలో చదివి ఒక్కసారిగా పెద్ద గిన్నెలతో మొదలుపెట్టేముందు డాక్టరుకు చెప్పాలి.

మీ ఆరోగ్య పేజీకి మా విన్నపం ఇదీ: సలాడ్ అచ్చువేసిన ప్రతిసారీ ‘తగినంత’ అన్న మాట తీసేసి గ్రాముల్లో, చెంచాల్లో కొలతలు ఇవ్వండి. ముఖ్యమైన కాయ ఒక్కదానికైనా ఎలా ఏరుకోవాలో రెండు వాక్యాలు చేర్చండి. ఉప్పు ఎప్పుడు వేయాలో, ఎంతసేపట్లో తినేయాలో రాయండి. చోటు చాలకపోతే విటమిన్ల జాబితా తగ్గించండి.

ఇట్లు,
మీ పాఠకులు